డిసెంబరులో ఇడ్లీ పిండి పొంగదు, మరి మైనస్ రెండులో చేప ఎలా ఈదుతోంది?

ఇడ్లీపాత్ర (జేపీ నగర్) · శనివారం రాత్రి 9:40

బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది, ప్రతి డిసెంబరూ ఇదే గోల. రాత్రి రుబ్బి పెట్టిన పిండి పొద్దున్నకి ఎక్కడిదక్కడే ఉంటుంది. నెల్లూరులో అయితే గిన్నె దాటి గట్టు మీదకి కారేది. ఇందాక గిన్నెకి పాత దుప్పటి చుడుతుంటే మా అమ్మాయి (టెన్త్) వచ్చి అడిగింది: "18 డిగ్రీలకే నీ పిండి ముడుచుకు పడుకుంటే, అంటార్కిటికాలో చేపలు ఎలా తిరుగుతున్నాయమ్మా?"

దాని పుస్తకంలో ఎంజైము (ఒంట్లో రసాయన చర్యలను వేగంగా జరిపించే ప్రోటీన్) ఏ వేడిలో ఎంత వేగంగా పనిచేస్తుందో చూపే గీత ఒకటి ఉంది. 37 దగ్గర కొండ శిఖరం, సున్నా దగ్గర చదును. ఆ గీత నిజమైతే ఆ చేప రెక్క కూడా ఆడించకూడదు. దాని ఒంట్లో యాంటీఫ్రీజ్ (గడ్డకట్టనివ్వని పదార్థం) లాంటిది ఉంటుందని ఎక్కడో చదివాను. అదేనా జవాబు? సోమవారం క్లాసులో చెప్పాలట.

గోదారోడు (మారతహళ్ళి) · రాత్రి 9:52

అదే అక్కా. కారు రేడియేటర్‌లో పోస్తాం చూడండి, చేపకి దేవుడు పోశాడు. కేసు క్లోజ్.

పిండి గిన్నె ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు వేసి వదిలేయండి. ఓవెన్ ఆన్ చేయొద్దు, లైటు మాత్రమే. నిరుడు మా ఆవిడ ఆన్ చేసింది, పొద్దున్నకి కేకు తిన్నాం.

పిపెట్టు_పిల్ల (యలహంక) · రాత్రి 10:15

కేసు అప్పుడే మూయకండి. ఇక్కడ రెండు ఇబ్బందులున్నాయి, అందరూ వాటిని ఒకటిగా కలిపేస్తారు.

మొదటిది గడ్డకట్టడం. అంటార్కిటికా సముద్రపు నీరు ఉప్పు వల్ల మైనస్ 1.9 దాకా నీరుగానే ఉంటుంది. మామూలు చేప రక్తంలో అంత ఉప్పు ఉండదు కాబట్టి మైనస్ 0.8 దగ్గరే గడ్డకట్టాలి. అక్కడి నోటోథెనియాయిడ్ చేపలు ఎందుకు గడ్డకట్టవో ఆర్థర్ డెవ్రీస్ అనే శాస్త్రవేత్త 1960లలో అంటార్కిటికాలోని మెక్‌మర్డో సౌండ్ దగ్గర కనిపెట్టారు. వాటి రక్తంలో చక్కెర తగిలించిన ఒక ప్రోటీన్ ఉంటుంది. ఒంట్లోకి వచ్చిన మంచు రవ్వకి అది అతుక్కుని ఇంక పెరగనివ్వదు. రేడియేటర్ ద్రవం పనిచేసే తీరు ఇది కాదు. అక్కడ ఎంత పోస్తే అంత లెక్క, ఇక్కడ కొంచెం ఉన్నా మంచు ముఖాన్ని పట్టుకుని ఆపేస్తుంది.

రెండోది నెమ్మదితనం. రక్తం నీరుగానే ఉంది, సరే. ఆ చలిలో కండరం పనిచేయాలి, తిన్నది అరగాలి, నరంలో కబురు నడవాలి. ఇవన్నీ ఎంజైముల పనులు, వాటికి యాంటీఫ్రీజ్ ఏ సాయమూ చేయదు. వాన ఆగిందని సిల్క్‌బోర్డు జంక్షన్‌లో ఇరుక్కున్న బండ్లు కదిలిపోతాయా? అమ్మాయి అడిగింది ఈ రెండోదాని గురించి. మంచి ప్రశ్న.

సర్జాపూర్_ట్రాఫిక్ · రాత్రి 10:31

లెక్క వేస్తే కానీ నాకు నిద్ర పట్టదు. పది డిగ్రీలు తగ్గితే ఇలాంటి చర్యల వేగం సగానికో, మూడో వంతుకో పడిపోతుందని చదివాను. మన మధ్యాహ్నం 27 నుంచి ఆ చేప ఉండే మైనస్ 2 దాకా 29 డిగ్రీలు. సగం లెక్కన 7 రెట్లకు పైగా, మూడో వంతు లెక్కన 24 రెట్లు నెమ్మది. ఇక్కడ గంటలో అరిగే భోజనం అక్కడ ఒక రోజు పట్టాలి. అలాంటి చేప వేటాడి బతకడం ఎలా?

రిటైర్డ్_మాస్టారు (మల్లేశ్వరం) · ఆదివారం ఉదయం 6:05

ముందు చిన్న సవరణ. ఇడ్లీ పిండిని పొంగించేది బాక్టీరియా, ముఖ్యంగా ల్యూకోనోస్టాక్. చలికి వాటి ఎంజైములు మందగిస్తే అవి పెరగవు, గ్యాసు రాదు. కాబట్టి అమ్మాయి పోలిక తప్పు కాదు, మధ్యలో ఒక మెట్టు దాటేసింది అంతే.

సర్జాపూర్ గారి లెక్క సరిగ్గానే ఉంది. చర్య జరగాలంటే అణువు ఒక గట్టు ఎక్కి దిగాలి. వేడిలో గట్టు ఎక్కే ఊపు ఉన్న అణువులు చాలా ఉంటాయి, చలిలో తక్కువ. అలాంటప్పుడు చేపకి మిగిలిన దారులు రెండు. ఎంజైములను ఎక్కువ తయారు చేసుకోవడం ఒకటి. కొన్ని చేపలు కొంతవరకు అది చేస్తాయి. కానీ ప్రోటీన్ తయారీకి ఖర్చవుతుంది, కణంలో చోటూ హద్దే. పది మంది పనిచేసే వంటగదిలో వంద మందిని దింపితే అన్నం ఉడకదు, కాళ్ళు తొక్కుకుంటారు. రెండో దారి ఎంజైమునే మార్చుకోవడం. అసలు కథ అక్కడుంది. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము మీద మంచి పని జరిగింది, పిపెట్టు అమ్మాయి చెబితే బాగుంటుంది. నాకు టైపింగ్ చేతకాదు.

బైపీసీ_బ్యాక్‌బెంచి · ఉదయం 9:20

సార్, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అంటే ఎల్‌డీహెచ్ కదా? కోవిడ్ అప్పుడు తాతయ్య రక్తం రిపోర్టులో ఎల్‌డీహెచ్ పక్కన బాణం పైకి ఉందని ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం. అదేనా ఇది?

పిపెట్టు_పిల్ల · ఉదయం 11:45

అదే తమ్ముడూ. కణాలు దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది, అందుకే రిపోర్టులో చూస్తారు. దాని అసలు పని కండరంలో. బస్సు కోసం పరుగెత్తినప్పుడు ఆక్సిజన్ చాలకపోతే, చక్కెర విరిగితే వచ్చే పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చి, శక్తి తయారీ ఆగిపోకుండా చూస్తుంది. చేప ఒక్కసారిగా దూసుకెళ్ళాలన్నా అదే కావాలి. సీలు వెంటపడినప్పుడు ఇది మొరాయిస్తే చేప పని అయిపోయినట్టే.

మాస్టారు చెప్పిన పని 1998లో వచ్చింది. చేసింది పీటర్ ఫీల్డ్స్, జార్జ్ సోమెరో. అంటార్కిటికా నోటోథెనియాయిడ్‌లు తొమ్మిది రకాలు, వాటి దాయాదులు దక్షిణ అమెరికా చివర 4 నుంచి 10 డిగ్రీల నీళ్ళలో ఉండేవి మూడు రకాలు తీసుకున్నారు. ఒకే వంశం, రెండు రకాల చలి. ఏ జాతి ఎంజైము ఎంత వేగంగా పనిచేస్తోంది, పైరువేట్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటోంది, వేడికి ఎంతసేపు ఓర్చుకుంటోంది, అమైనో ఆమ్లాల (ప్రోటీన్ గొలుసులోని పూసల) వరస ఏమిటి, అన్నీ చూశారు.

ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలిస్తే అంటార్కిటికా వాటిది ఎక్కువ వేగం. అది ఊహించిందే. ఊహించనిది ఏమిటంటే, అసలు చర్య జరిగే గుంట, అంటే పైరువేట్ కూర్చునే చోటు, అన్ని జాతుల్లోనూ అచ్చం ఒకేలా ఉంది. ఒక్క అమైనో ఆమ్లం తేడా లేదు. మార్పులన్నీ దానికి బయటే.

బయట మారితే లోపల వేగం ఎందుకు పెరుగుతుంది? పైరువేట్ వచ్చి కూర్చోగానే ఎంజైములో ఒక మడత తలుపులా దాని మీద మూసుకుంటుంది, పని అయ్యాక తెరుచుకుంటుంది. సెకనుకు వందల సార్లు. రసాయన చర్య చిటికెలో అయిపోతుంది, ఆలస్యమంతా ఆ తలుపు కదలడంలోనే. చలి చేపలు మార్చుకున్నది తలుపును కాదు, తాళాన్నీ కాదు. మడతబందులను. వాటి చుట్టుపక్కల అక్కడొకటి ఇక్కడొకటి అమైనో ఆమ్లం మార్చి కదలిక సులువు చేసుకున్నాయి. చిన్న తోపుకే తలుపు కదులుతుంది కాబట్టి చలిలో ఉన్న కాస్త ఊపూ సరిపోతోంది.

గోదారోడు · మధ్యాహ్నం 12:10

ఆగండాగండి. చలికి తట్టుకోవడమంటే గట్టిపడటం అనుకున్నాను. మీరేమో వదులైంది అంటున్నారు. మరి మనందరి ఎంజైములూ అలాగే వదులుగా ఉంటే పోయేదిగా, ఇంత చలికాలం బాధ ఎందుకు?

పిపెట్టు_పిల్ల · మధ్యాహ్నం 12:40

బందులు వదులైన తలుపు మీ ఊళ్ళో చూసే ఉంటారు. వేలితో తోస్తే కదులుతుంది. కానీ గడియ వేయబోతే కొక్కెం, కన్నం ఒకదానికొకటి అందవు. రెండుమూడు సార్లు ఎత్తి నెట్టాలి. ఇక్కడా అంతే. వదులైన ఎంజైము రకరకాల భంగిమల్లో ఊగుతూ ఉంటుంది, వాటిలో కొన్ని పైరువేట్‌ను పట్టుకోవడానికి పనికిరావు. అంటే వేగం పెరిగిన కొద్దీ పట్టు సడలుతుంది.

చలి చేప ఎంజైమును మన ఒంటి వేడిలో పెడితే ఊగుడు మరీ ఎక్కువై పట్టు జారిపోతుంది. మన ఎంజైమును మైనస్ 2లో పెడితే పట్టు ఉడుంపట్టు అవుతుంది, తలుపు మాత్రం కదలదు. ఎవరి ఎంజైమును వాళ్ళ ఊరి ఉష్ణోగ్రతలో కొలిస్తే పట్టు అందరికీ దాదాపు ఒకేలా వస్తుంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను ఆ రాత్రి హాస్టల్ మెస్‌కి వెళ్ళడం మర్చిపోయాను.

అయితే చేప నష్టమంతా పూడ్చుకోలేదు. సున్నా డిగ్రీల దగ్గర దాని ఎంజైము మన ఎంజైము కంటే వేగం, కానీ 37 దగ్గర మన ఎంజైముకున్నంత వేగం దానికి సున్నాలో రాదు. సర్జాపూర్ గారి 24 రెట్లలో కొంత తగ్గించుకుంది, అంతే. అందుకే అవి తీరిగ్గా బతుకుతాయి, నెమ్మదిగా పెరుగుతాయి.

కాసిమేడు_కబుర్లు (చెన్నై) · మధ్యాహ్నం 3:25

మీ చర్చ చూసి ఊరుకోలేక వచ్చాను. తొమ్మిదేళ్ళుగా ఆదివారం తెల్లవారుజామున కాసిమేడు హార్బర్‌కి వెళ్తున్నాను. అక్కడ ఐసు పెట్టెలో షీలా చేపని పెట్టి మూత వేస్తే చాలా రోజులు చెడదు. మా తమ్ముడు నార్వేలో ఉంటాడు, వాడు తెచ్చుకునే కాడ్ చేప ఐసులో పెట్టినా తొందరగా మెత్తబడుతుందంటాడు. నేను వాడి ఫ్రిజ్‌ని అనుమానించేవాణ్ణి. ఇదీ మీ మడతబందుల వ్యవహారమేనా?

పిపెట్టు_పిల్ల · సాయంత్రం 4:05

చాలావరకు అవును. కాడ్ బతికిందే చల్లటి నీళ్ళలో. దాని కండరంలోని ఎంజైములకూ, ఒంటి మీద ఉన్న బాక్టీరియాకూ ఐసు అంటే సొంత ఊరి వాతావరణం. చచ్చాక కూడా పని కానిస్తుంటాయి. మన షీలా 28 డిగ్రీల నీళ్ళలోంచి వచ్చి ఐసులో పడితే దాని ఎంజైములకీ బాక్టీరియాకీ దిమ్మ తిరుగుతుంది.

షీలా అన్నారు కాబట్టి ఇంకోటి. షీలా అంటే బారకుడా. పసిఫిక్ తీరం పొడవునా వేర్వేరు బారకుడా జాతులున్నాయి, వాటి నీళ్ళకి తేడా కొద్ది డిగ్రీలే. ఆ మాత్రానికే వాటి ఎల్‌డీహెచ్‌లు వేరుపడ్డాయని సోమెరో వాళ్ళే చూపించారు. అక్కడా మార్పులు గుంటకు బయటే. డామ్సెల్ చేపల్లో అయితే చల్లటి నీళ్ళ జాతికీ వెచ్చటి నీళ్ళ జాతికీ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం. 330కి పైగా ఉన్న గొలుసులో ఒక్కటి!

కాసిమేడు_కబుర్లు · సాయంత్రం 4:20

ఇకపై షీలా ముక్కలు కోయించేటప్పుడు నమస్కారం పెట్టి కోయిస్తాను.

సర్జాపూర్_ట్రాఫిక్ · సాయంత్రం 4:50

అయితే తొమ్మిది అంటార్కిటికా జాతులూ అవే బందులు మార్చుకున్నాయా? ఒకే కోడ్ కాపీ కొట్టినట్టు?

పిపెట్టు_పిల్ల · సాయంత్రం 5:15

లేదు. ఒకే ప్రాంతంలోని జాతుల్లోనే వేర్వేరు చోట్ల మార్పులు జరిగి, చివరికి ఒకే వేగం, ఒకే పట్టు వచ్చాయి. ఒకరు ఎడమ బందుకి నూనె రాశారు, ఇంకొకరు కుడి బందు మేకు వదులు చేశారు. తలుపు తీరు మాత్రం ఒకటే.

రిటైర్డ్_మాస్టారు · సాయంత్రం 6:30

వదులు, బిగువు అంటుంటే మద్రాసు గుర్తొచ్చింది. ప్రోటీన్ గొలుసులో ఒక్కో కీలు ఎటు ఎంత తిరగగలదో లెక్కగట్టి మ్యాపు వేసింది జి.ఎన్. రామచంద్రన్ బృందం, 1963లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో. ఆ మ్యాపు చూస్తే గ్లైసిన్ అనే అమైనో ఆమ్లానికి తిరిగే చోటు ఎక్కువ, దానికి పక్క కొమ్మ లేదు కనుక. ప్రోలిన్‌కి వలయం అడ్డం, బిగుసుకుని ఉంటుంది. చలి ఎంజైముల్లో మలుపుల దగ్గర ప్రోలిన్ తగ్గడం, ముక్కలను కట్టి ఉంచే ఉప్పు బంధాలు తగ్గడం చాలా చోట్ల కనిపించింది. అన్ని ఎంజైములకూ ఒకే సూత్రం మాత్రం లేదు, ఒక్కోటీ ఒక్కో దారి పట్టింది.

తర్వాత ఆయన మన బెంగళూరుకే వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగం పెట్టారు.

కాసిమేడు_కబుర్లు · సాయంత్రం 6:41

మ్యాపు వేసింది మద్రాసులో. అది రాసిపెట్టుకోండి మాస్టారూ.

గోదారోడు · సాయంత్రం 6:44

మొదలైంది. ఇక ఫిల్టర్ కాఫీ దాకా వెళ్తుంది.

మోడరేటర్ · సాయంత్రం 7:00

పిండి పొంగించే చిట్కాలు పదకొండు వచ్చాయి, వాటిని వంటిల్లు విభాగానికి మార్చాను. చెన్నై–బెంగళూరు గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ తేల్చుకోండి.

ఇడ్లీపాత్ర · రాత్రి 8:10

అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది. దాని ప్రశ్నలు టైపు చేస్తున్నాను. ఒకటి: ఇంట్లో కొబ్బరినూనె డిసెంబరులో గడ్డకడుతుంది, నువ్వులనూనె గడ్డకట్టదు. చేప ఒంట్లో కొవ్వు గడ్డకట్టదా? రెండు: ఆ చేపని మన అక్వేరియంలో వేస్తే ఏమవుతుంది?

పిపెట్టు_పిల్ల · రాత్రి 8:45

మొదటిదానికి జవాబు అమ్మాయి సీసాల్లోనే ఉంది. కొబ్బరినూనెలో నిటారుగా పేర్చుకునే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, ఒకదాని పక్కన ఒకటి చేరి గడ్డకడతాయి. నువ్వులనూనెలో వంకర తిరిగినవి ఎక్కువ, దగ్గరగా చేరలేవు. చలి చేపల కణాల పొరల్లో ఆ వంకర రకమే ఎక్కువగా ఉంటుంది. ఆ పొరల్లో గుచ్చుకుని పనిచేసే ఎంజైములకి అది కూడా కావాలి, పొర బిగుసుకుంటే అవీ బిగుసుకుంటాయి.

రెండోది: చచ్చిపోతుంది, పాపం. మెక్‌మర్డో చేపలు 6 డిగ్రీల దగ్గరే వేడి తట్టుకోలేక చచ్చిపోతాయని సోమెరో, డెవ్రీస్ 1967లోనే రాశారు. మన ఫ్రిజ్ కింది అర వాటికి వడదెబ్బ.

బైపీసీ_బ్యాక్‌బెంచి · రాత్రి 8:52

అంటే 6 డిగ్రీలకే వదులు ఎంజైములు విడిపోతాయి, అందుకే చచ్చిపోతాయి. ఇది పరీక్షలో రాసేస్తా అక్కా.

పిపెట్టు_పిల్ల · రాత్రి 9:10

రాయకు! చాలామంది అలాగే రాస్తారు, నేనూ రాశాను. ఎల్‌డీహెచ్ విషయంలో అది నిజం కాదు. అదే 1998 పనిలో వేడికి ఎంజైము పాడయ్యే వేగానికీ, చేప ఉండే నీటి చలికీ సంబంధం కనిపించలేదు. ఎల్‌డీహెచ్ విడిపోవాలంటే చేప ఎన్నడూ చూడని వేడి కావాలి, చేప అంతకు చాలా ముందే పోతుంది. వదులైంది బందుల దగ్గర మాత్రమే, ఇల్లంతా కాదు. తలుపు బందు వదులైతే పైకప్పు కూలుతుందా?

అలాగని అన్ని చలి ఎంజైములూ గట్టివి కావు. కొన్ని నిజంగానే మొత్తం సుకుమారం, వాటి మీద మాకు జీతాలు కూడా వస్తున్నాయి. కోవిడ్ రోజుల్లో నేను పరీక్షల ల్యాబ్‌లో చేశాను. పీసీఆర్ అంటే డీఎన్‌ఏకి నకళ్ళు తీసే పరీక్ష, అందులో పాత పరీక్షలో తయారైన నకళ్ళు ఎగిరి కొత్త ట్యూబులో పడితే తప్పుడు పాజిటివ్ వస్తుంది. దాన్ని ముందే కొరికి పారేయడానికి యూఎన్‌జీ అనే ఎంజైము వేస్తారు. కొరికాక అది చచ్చిపోవాలి, లేకపోతే అసలు ఫలితాన్నీ కొరుకుతుంది. మామూలు బాక్టీరియా నుంచి తీసినది వేడిచేసినా తర్వాత కాస్త లేచి కూర్చుంటుంది. కాడ్ చేప యూఎన్‌జీ 55 డిగ్రీలకి పోతే మళ్ళీ లేవదు. చలి చేప బలహీనత మాకు పనికొచ్చింది.

ఆ సుకుమారం ఒకసారి మమ్మల్నీ కొట్టింది. మే నెల, మధ్యాహ్నం. కొరియర్ అబ్బాయి ఆ ఎంజైము ఉన్న ఐసు పెట్టెను వాచ్‌మన్ గదిలో ఎండ పడే కిటికీ కింద వదిలి వెళ్ళాడు. మేం సాయంత్రం తెరిస్తే ఐసు ప్యాకెట్లు గోరువెచ్చగా, సంచీలా మెత్తగా ఉన్నాయి. ట్యూబులు చూడటానికి అంతా మామూలే, ఆ చుక్క నీరు నీరులాగే ఉంటుంది కదా. రెండు రోజులు పిచ్చి ఫలితాలు వచ్చాయి. యంత్రాన్ని తిట్టాం, నన్ను తిట్టారు, చివరికి ఆ పెట్టె గుర్తొచ్చింది.

రిటైర్డ్_మాస్టారు · రాత్రి 9:40

యాంటీఫ్రీజ్ సంగతి మొదట్లో పక్కన పెట్టేశారు. దానికీ ఎంజైముకీ చుట్టరికం ఉంది, అది చెప్పకుండా వదలకూడదు. ఆ యాంటీఫ్రీజ్ జన్యువు ఎక్కడ నుంచి వచ్చిందో 1997లో తేలింది. ట్రిప్సినోజెన్ నుంచి, అంటే తిన్న మాంసకృత్తులను అరిగించే ఎంజైముకి ముందు రూపం. ఆ జన్యువులో చిన్న ముక్క ఒకటి మళ్ళీమళ్ళీ నకలై పొడవాటి గొలుసుగా మారింది. చేప నీళ్ళతో పాటు మంచు రవ్వలు మింగుతుంది కనుక మొదట రక్షణ కావలసింది పేగులోనే.

ఉత్తర ధ్రువం వైపు కాడ్ చేపల్లోనూ దాదాపు అదే వరస ఉన్న యాంటీఫ్రీజ్ ఉంది, కానీ దాని పుట్టుక పూర్తిగా వేరు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, ముఖపరిచయం లేకుండా ఒకే వంట వండారు.

గోదారోడు · రాత్రి 9:55

అంటే నేను మొదట యాంటీఫ్రీజ్ అన్నది మరీ తప్పేం కాదు. సగం మార్కులు వేయండి.

పిపెట్టు_పిల్ల · రాత్రి 9:58

పావు.

ఇడ్లీపాత్ర · సోమవారం సాయంత్రం 5:30

అమ్మాయి ఇప్పుడే వచ్చింది. బోర్డు మీద తలుపు, మడతబందు బొమ్మ వేసి చెప్పిందట. టీచర్ ఆ పుస్తకంలో గీతను చూపించి "మరి ఇది?" అంటే, "అది మన ఊరి గీత మిస్, ఆ చేపకి వేరే గీత ఉంటుంది, శిఖరం జరిగి ఉంటుంది" అందట. టీచర్ ఎదురు ప్రశ్న వేశారు: శిఖరం సరిగ్గా మైనస్ 2 దగ్గరే ఉంటుందా? ఇది నోరు తెరిచి నిలబడిందట.

పిపెట్టు_పిల్ల · సాయంత్రం 6:20

టీచర్ గట్టివారే. అక్కడ ఉండదు. చేప ఎల్‌డీహెచ్‌ను ట్యూబులో వేసి వేడి పెంచుతూ పోతే, మైనస్ 2 దాటాక కూడా వేగం పెరుగుతూనే ఉంటుంది. ఎంజైము పాడవడం మొదలయ్యేది చాలా పైన. వేగం కంటే చేపకి ముఖ్యం, తన నీళ్ళలో పట్టూ కదలికా రెండూ సరిపడా ఉండటం. శిఖరం ఎక్కడుందన్నది ట్యూబులో మనం చూసే ముచ్చట. ఆ చేప ఎన్నడూ అక్కడికి వెళ్ళదు.

ఇడ్లీపాత్ర · సాయంత్రం 6:34

చెప్పాను. "అయితే ఆ గీత గీసినవాళ్ళు చేపని అడగలేదన్నమాట" అంటోంది. ఓవెన్ లైటు చిట్కా ఇవాళ చూస్తున్నాను, గోదారోడు గారూ. స్విచ్ మీద టేపు వేశాను.